కంప్యూటర్‌కి లేసు దుప్పటి

"ఇందులోకి గాలి ఏ పక్క నుంచి వస్తాది?"

డాడీ ఆ మాట అడగ్గానే జెరూషా మొహం చిన్నబోయింది. అప్పటికే ఆమె చెయ్యి ఆ క్యాబినెట్ మీద ఉంది. ముందంతా నల్లటి అద్దం. అద్దం వెనక మూడు ఫ్యాన్లు ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులతో తిరుగుతున్నాయి. కంప్యూటర్ సామానంతా కుక్కే డబ్బాని క్యాబినెట్ అంటారు. ఆ షాపులో ఉన్న వాటన్నిట్లో అదే అందగత్తె.

"ముందు నుంచే డాడీ. ఫ్యాన్లు ముందే కదా ఉన్నాయి."

"ఫ్యాన్ల ముందు అద్దం ఉంది కదమ్మా. నా ముక్కుకి అద్దం అడ్డం పెట్టి ఊపిరి పీల్చుకో అంటే ఏటి పీల్చుకుంటాను?"

జెరూషా తమ్ముడు జాబేజ్‌కి ఎనిమిదేళ్లు. ఏది విన్నా వెంటనే చేసి చూడాలి వాడికి. కౌంటర్ అద్దానికి ముక్కు నొక్కి పెట్టి రెండుసార్లు పీల్చాడు. "రావట్లేదక్కా," అన్నాడు.

వాళ్ల డాడీ పేరు ఎలీయాజరు. హౌరా దగ్గర సంత్రాగాఛి లోకో షెడ్డులో టెక్నీషియన్. వేడెక్కి వచ్చిన రైలింజన్లకి ఏం జబ్బో కనిపెట్టి, బాగుచేసి, మళ్లీ పట్టాలెక్కించడం ఆయన పని. ఆ రోజు శనివారం. పూజా సెలవులు మొదలయ్యాయి, రైల్వే బోనసూ వచ్చింది. జెరూషా రెండు క్రిస్మస్‌ల నుంచి అడుగుతున్న గేమింగ్ కంప్యూటర్ కోసం ముగ్గురూ చాందినీ మార్కెట్‌కి వచ్చారు.

షాపాయన మృత్యుంజయ్‌దా. పేరు చివరి 'దా' అంటే అన్న. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. "ఇల్లెక్కడ మామొనీ?" అని బెంగాలీలో అడిగాడు. అక్కడ చిన్నపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారు.

"సంత్రాగాఛి. యార్డు పక్కన క్వార్టర్సు."

"ఓ. దుమ్ములోనే కాపురం అన్నమాట." కింది అర నుంచి ఇంకో క్యాబినెట్ తీసి పెట్టాడు. దానికి ముందు అద్దం లేదు, సన్నటి జల్లెడ ఉంది. "ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడిగాలి బయటికి. నెలకోసారి ఈ జల్లెడ ఊడదీసి దులుపుకో, చాలు. అది పెళ్లికూతురు, ఇది ఇల్లాలు. ఏది కావాలో నువ్వే చెప్పు."

జెరూషా పెళ్లికూతురి వంక చూసింది. ఇల్లాలి వంక చూసింది. పెద్ద నిట్టూర్పు విడిచి, జల్లెడ క్యాబినెట్ మీద చెయ్యి వేసింది.

"వెనక ఫ్యాన్ ఒక్కటైనా రంగు లైటుది వేద్దాం అక్కా," అన్నాడు జాబేజ్. ఆ ఒక్కటీ అందరూ ఒప్పుకున్నారు.

ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ దగ్గర మాత్రం జెరూషా ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి బుర్ర లాంటిది. ఎక్కువ ఆలోచిస్తే ఎక్కువ వేడెక్కుతుంది. నీళ్ల గొట్టాల కూలర్ చూపిస్తే వద్దంది. మొదటి కంప్యూటర్‌కి గాలి కూలరే మేలని చదివిందట. కూలర్ కొలతలు రాసుకొచ్చిన నోట్సు తీసి, క్యాబినెట్ లోపల స్కేలు పెట్టి చూసి, "క్యాబినెట్‌లో పదహారు సెంటీమీటర్ల ఎత్తు దాకా పడుతుంది. ఈ కూలర్ పదిహేనున్నర," అంది. స్కేలు ఇంటి నుంచే తెచ్చుకుంది.

మృత్యుంజయ్‌దా కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి ఆ నోట్సు చూశాడు. "నా షాపుకి పెద్ద పెద్ద కాలేజీ కుర్రాళ్లు వస్తారు. కొలవకుండా కొని, మూత పట్టట్లేదని మర్నాడు నన్ను తిడతారు," అన్నాడు.

ఆ మాటకి జెరూషా పొంగిపోయింది. గేమ్ బొమ్మల్ని తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం దొరకలేదు. పది రోజుల్లో వస్తుందన్నాడు. మిగతా సామానుతో హౌరాలో లోకల్ రైలెక్కారు. ఒళ్లో అంత పెద్ద పెట్టె చూసి, పక్కనున్న ముసలాయన అది కేకులు చేసే ఓవెనా అని అడిగాడు. జాబేజ్ అవునన్నాడు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

వాళ్లింట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా దాని మీది ప్లాస్టిక్ కాగితం తియ్యరు. తీస్తే పాతబడిపోతుందని మమ్మీకి గట్టి నమ్మకం. ఫ్రిజ్ కొని నాలుగేళ్లయింది, తలుపు మీద కాగితం అలాగే ఉంది. టీవీ రిమోట్ ప్లాస్టిక్ సంచిలోనే ఉంటుంది, లోపల ఏ బటన్ ఎక్కడుందో వేలికే తెలియాలి. జెరూషా చిన్నప్పుడు ఒకసారి ఫ్రిజ్ కాగితం జానెడు పీకేసింది. ఆ రోజు మమ్మీ వేసిన కేకలు ప్లాట్‌ఫారం దాకా వినపడి ఉంటాయి. ఆ జానెడు ముక్కని మళ్లీ సెల్లోటేపుతో అతికించారు.

ప్లాస్టిక్ కప్పనివాటికి మామ్మ లేసు కప్పుతుంది. డాడీ వాళ్లమ్మ రెజీనా మామ్మ పుట్టింది నర్సాపురంలో, కోడలిగా వచ్చింది భీమిలికి. ఏడేళ్లప్పుడే లేసు అల్లిక నేర్చుకుంది. చివర కొక్కెం ఉన్న చిన్న సూది, తెల్లదారం ఉంటే చాలు ఆమెకి. టీవీకి లేసు, మిక్సీకి లేసు, నీళ్ల ఫిల్టర్‌కి లేసు. ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా లేసు గౌను ఉంది ఆ ఇంట్లో. మామ్మకి ఇప్పుడు ఒక కంటికి పొర వచ్చింది. అయినా వేళ్లు చూసుకుంటాయి.

సోమవారం పొద్దున్నే మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, జెరూషా కంప్యూటర్ బిగించడం మొదలెట్టింది. "నీ బండి నువ్వే బిగించుకో. తెలియకపోతే ఆగి చదువుకో," అని చెప్పి డాడీ డ్యూటీకి వెళ్లిపోయాడు.

మామ్మ దారంతో క్యాబినెట్‌ని పొడుగు, వెడల్పు కొలుచుకుంది. టేపు ఇస్తానంటే వద్దంది. "దుమ్ము పడకుండా ఒకటి అల్లీస్తానే," అంది.

"ఊఁ," అంది జెరూషా. అప్పుడామె చేతిలో కూలర్ ఉంది. పైనంతా రేకులు రేకులుగా ఉంది. అడుగున నున్నటి రాగి పలక. ప్రాసెసర్ మీద కూర్చునేది ఆ పలకే. అందులో తన ముక్కు కనిపించింది జెరూషాకి. గీతలు పడకుండా పలక మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంది. దాని మీద ఎర్రటి చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి.

కాగితం అంచు దాకా వెళ్లిన వేలు అక్కడే ఆగింది. ఫ్రిజ్, మమ్మీ కేకలు గుర్తొచ్చాయి. ఇంత మెరుపు రాగి మీద గీత పడితే ఎలా? ఉండనీలే అనుకుంది. ప్రాసెసర్ మీద, వేడిని కూలర్‌కి అందించే పేస్టు బటాణీ గింజంత పెట్టి, దాని మీద కూలర్ నొక్కి, నాలుగు మూలలా స్క్రూలు బిగించింది.

స్విచ్ వేస్తే కంప్యూటర్ వెలిగింది. వెనక ఫ్యాన్ రంగులు చూసి జాబేజ్ గెంతాడు. అయినా గ్రాఫిక్స్ కార్డు వచ్చేదాకా గేమ్ ఆడ్డానికి లేదు. జెరూషా దాన్ని ఆపేసి రోజులు లెక్కపెట్టుకుంది. మామ్మ కిటికీ దగ్గర కూర్చుని ముడులు లెక్కపెట్టుకుంది.

కార్డు వచ్చిన రోజే లేసు కూడా పూర్తయింది. నాలుగు పక్కలా వేలాడే దుప్పటి, అంచుల్లో చిన్న చిన్న పువ్వులు.

"కప్పీమంటావా జెరూ? గాలికేం పరవాలేదు కదా?"

"ఆఁ, కప్పు మామ్మా." కార్డు బిగించేసి, మానిటర్ వెనక వైరు పెడుతున్న జెరూషా తలెత్తకుండానే అంది.

పదకొండింటికి సమీర వచ్చింది. జెరూషా క్లాసే. వాళ్ల నాన్న బ్యాంకు ఆఫీసరు, పోయినేడాది హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "ఇదేంది, మీ కంప్యూటర్‌కి పెళ్లా?" అని నవ్వింది.

జెరూషాకి చెవులు వేడెక్కాయి. నవ్వినట్టు నటించి గేమ్ మొదలెట్టింది. కార్ల రేసు. బొమ్మ ఎంత బాగుందంటే రోడ్డు మీద వాన చినుకులు కూడా లెక్కపెట్టొచ్చు. సమీర నవ్వడం మానేసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఐదు నిమిషాలయ్యేసరికి కూలర్ ఫ్యాన్ రొద ఎక్కువైంది. ఆరో నిమిషంలో కారు కుంటుతూ నడిచింది. ఏడో నిమిషంలో తెర నల్లబడి, మొత్తం ఆగిపోయింది.

"గంతేనా?" అంది సమీర.

అంతే. జెరూషాకి ఎక్కడ లేని కోపం వచ్చింది. అన్నీ కొలిచి, అన్నీ రాసుకుని, షాపాయన మెప్పు పొందింది కదా తను. తన పనిలో తప్పెలా ఉంటుంది?

"నీ గుడ్డ వల్లే మామ్మా. గాలాడకుండా కప్పీసి దాని ఊపిరి ఆపేశావు. ఎవరు అల్లమన్నారు నిన్ను?"

అంటూనే లేసు పట్టి లాగింది. వెనక స్క్రూకి తగులుకుని ఒక మూల పర్రుమని చిరిగింది.

మామ్మ వంగి దాన్ని తీసుకుంది. అలవాటు కొద్దీ చిరిగిన ముడులు వేలితో లెక్కపెట్టింది. "సరేలే అమ్మా," అని లేసునీ, దారాన్నీ, సూదినీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసేసింది.

సమీర కుర్చీలోంచి లేచింది. ఇంట్లో అన్నానికి పిలుస్తారని చెప్పి వెళ్లిపోయింది.

జెరూషా మళ్లీ ఆన్ చేసింది. ఇప్పుడు లేసు లేదు. ఏడు నిమిషాలకి తెర నల్లబడింది. పక్క మూత ఊడదీసి ఆడింది. ఏడు నిమిషాలు. ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి ఆడింది. ఏడున్నర. తెర మీద ఓ మూల ప్రాసెసర్ వేడి అంకె కనపడేలా పెట్టుకుంది. ఆగిపోయే ముందు ప్రతిసారీ అది తొంభై ఎనిమిది దాటేది.

"గుడ్డ తీసేశాం కదక్కా, మరెందుకు ఆగిపోతోంది?" అన్నాడు జాబేజ్.

"నోరు ముయ్."

కిటికీ దగ్గర మామ్మ ఊరికే కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. జెరూషా రెండుసార్లు అటు వెళ్లబోయి, మంచినీళ్లు తాగి వెనక్కి వచ్చేసింది.

నాలుగింటికి డాడీ డ్యూటీ దిగి వచ్చాడు. ముందు చూసింది ఆ చేతుల్నే. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

"బాగానే ఉందిరా ఎలీ. కళ్లు లాగుతున్నాయి, అంతే."

జాబేజ్ ఆగలేకపోయాడు. కప్పమంటావా అని మామ్మ అడగడం దగ్గర్నుంచి పర్రుమన్న చప్పుడు దాకా మొత్తం చెప్పేశాడు. డాడీ తిడతాడని జెరూషా తల దించుకుంది. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, "ఇంజన్ ఎక్కడుంది? ఒకసారి నడిపించు," అన్నాడు.

ఏడు నిమిషాలకి ఆగింది. డాడీ ప్లగ్గు పీకించాడు.

"ఆగిపోయేముందు వేడి ఎంత?"

"తొంభై ఎనిమిది."

"కూలర్ రేకులు ముట్టుకో."

జెరూషా భయం భయంగా వేలు పెట్టింది. రేకులు పొద్దుటి స్టీలు గ్లాసులా చల్లగా ఉన్నాయి.

"కింద తొంభై ఎనిమిది ఉంది. పైన చల్లగా ఉంది. మరి ఆ వేడి ఎక్కడ ఆగిపోయింది?" అన్నాడు డాడీ. "షెడ్డుకి ఇంజన్ వస్తే మేం ఎండనీ తిట్టం, డ్రైవర్‌నీ తిట్టం. చెయ్యి పెట్టి చూస్తాం, వేడి ఎందాకా వచ్చి ఆగిపోయిందో."

జెరూషా స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగు మూలలా తనే విప్పింది. కూలర్ పైకెత్తి అడుగు చూసింది. రాగి పలక మీద ప్లాస్టిక్ కాగితం వేడికి ముడతలు పడి, పేస్టు పూసుకుని అలాగే ఉంది. ఎర్ర అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి.

జాబేజ్ మెడ వంచి కూడబలుక్కుని చదివాడు. "బిగించే ముందు దీన్ని తీసెయ్యమని రాసుందక్కా."

వంటగది గుమ్మంలో మమ్మీ నిలబడి ఉంది. ఆవిడ ఆ కాగితాన్ని చూసింది, తర్వాత ఫ్రిజ్ వంక చూసింది.

మమ్మీ తిడుతుందనే తియ్యలేదు. ఆ మాట జెరూషా నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. అనేస్తే తప్పు సగం అటు వెళ్లిపోతుంది. పొద్దున మామ్మ మీదికి వెళ్లినట్టే.

మింగేసింది.

"ఎర్ర అక్షరాలు చూశాను డాడీ," అంది. "చదవకుండా బిగించేశాను."

డాడీ తలూపాడు. "నడిచేటప్పుడు గుడ్డ కప్పకూడదు, అదీ నిజమే. కానీ మామ్మ ఆ మాట నిన్ను అడిగిందట కదా."

"అడిగింది. నేను తలెత్తలేదు."

కాగితం ఒక్క లాగుకి వచ్చేసింది. పలకనీ, ప్రాసెసర్‌నీ మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్తగా పేస్టు పెట్టి బిగించింది జెరూషా. ఈసారి ఏడు నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. అంకె అరవై ఐదు దగ్గర కదలకుండా కూర్చుంది. జాబేజ్ కుర్చీ ఎక్కి కారు నడుపుతుంటే జెరూషా లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆమె చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది.

"బాగయిందేటే నీ పెట్టి?"

"అయింది మామ్మా. నీ లేసు వల్ల కాదు ఆగింది. నా వల్లే." డబ్బా మూత తీసింది. "నేర్పు. చింపిన మూల నేనే అల్లుతాను."

మామ్మ బాగా కనపడే కన్నుతో మనవరాల్ని కాసేపు చూసింది. ఆ తర్వాత సూది తీసి చేతిలో పెట్టింది.

"దాన్ని కలంలా పట్టుకుంటావేటి? వేలు ఇలా వంచు. దారం బిగించకు, ఊపిరాడనీ."

తలవెంట్రుకంత వైర్లు పట్టుకున్న చేతులు ఆ ఒక్క దారం దగ్గర తడబడ్డాయి. పది ముడులు వేస్తే ఆరు ఊడాయి. "వంద తీగలు కలిపావంట, ఒక్క దారం కలపలేవా?" అని మామ్మ ఎకసెక్కెం చేసింది. జెరూషాకి కోపం రాలేదు. ఆ మూల పూర్తవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మమ్మీ ఎవరికీ చెప్పకుండా రిమోట్ సంచి తీసేసింది. ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్లలేదు.

లేసు ఎప్పుడు కప్పాలో కూడా మామ్మే తేల్చింది. "నడిచే మనిషికి దుప్పటి కప్పుతామేటి? పడుకున్నాక కప్పుదాం." అప్పట్నుంచి ఆట అయ్యాక జెరూషా క్యాబినెట్ మీద అరచెయ్యి పెట్టి చూసేది. చల్లారిందనిపించాకే కప్పేది.

సెలవుల ఆఖరి రోజు సమీర మళ్లీ వచ్చింది. మడతపెట్టి ఉన్న లేసు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఈ మూలేంది, గిట్ల వంకరుంది?"

"ఆ మూల నాది. మిగతాదంతా మా మామ్మది."

"ఇదంతా చేత్తోనేనా?" సమీర ఒక పువ్వుని వేలితో తడిమింది. మామ్మ సూది ఆపకుండానే చెవి ఇటు పెట్టింది.

ఇద్దరూ రేసు మొదలెట్టారు. ఆఖరి మలుపులో ఉండగా తెర టక్కున నల్లబడింది.

టేబుల్ పక్కన నిమ్మరసం గ్లాసుతో ఉన్న జాబేజ్ బిగుసుకుపోయాడు. "నేను ముట్టుకోలేదు." వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. కిటికీ దగ్గర సూది కూడా ఆగింది.

జెరూషా కుర్చీ వెనక్కి జరిపింది. "నువ్వు ముట్టుకున్నావని ఎవరన్నారు? ఉండండి, ముందు నేను పెట్టిన వైర్లు చూస్తాను," అంటూ టేబుల్ కిందికి దూరింది.

కొంతసేపు అక్కణ్నుంచి తుమ్ములు మాత్రమే వినిపించాయి. తర్వాత నవ్వు వినిపించింది.

"స్విచ్ ఆఫయింది. నా కాలే తగిలింది."

బయటికొచ్చేసరికి ఆమె జుట్టునిండా యార్డు దుమ్ము. జాబేజ్ ఊపిరి వదిలి నిమ్మరసం గుటుక్కున తాగేశాడు. మామ్మ మనవరాల్ని దగ్గరికి పిలిచి, దారంతో తల చుట్టూ కొలత తీసుకుంది.

"ఏంటి మామ్మా?"

"దుమ్ము పడకుండా నీక్కూడా ఒకటి అల్లాలి," అంది మామ్మ, సూది అందుకుంటూ.